కందిపైరునకు ఎండు తెగులు – దాని నివారణోపాయములు

తెలంగాణమునందలి మెట్టరైతులకు కంది మిక్కిలి ఉపయోగకరమైన పైరు. గింజ పప్పునకును, పొట్టు పశువులకును, కట్టె వంటచెరకునకును పనికివచ్చును. ఇదిగాక దీని వేళ్ళయందలి బుడిపెలలో నివసించు సూక్ష్మజీవులు గాలిలోని నత్రజనిని గ్రహించి పైరున కందించును. తాండూరు ప్రాంతపు కందులకు 2022వ సంవత్సరమున భౌగోళిక గుర్తింపు లభించినది. ఇట్టి పైరు పలుచోట్ల సరిగా పూతపిందెల కాలమున వాడి నిలువున ఎండుచున్నది. అప్పటికి దున్నకము, విత్తనము, కలుపుతీత మొదలగు ఖర్చులన్నియు అయిపోయి యుండును. కావున ఈ తెగులునుగూర్చి రైతులు ముందుగనే తెలిసికొనుట అవసరము.

తెగులునకు కారణము

కొందరు దీనిని వానలేమి యనియు, కొందరు దిష్టి యనియు తలంతురు. ఈ రెండును సరికావు. ఇది భూమియందుండు ఫ్యుజేరియం అను బూజుజాతి శిలీంధ్రమువలన కలుగును. బట్లరు దొర 1906వ సంవత్సరముననే దీనిని వివరించియుండెను. ఈ శిలీంధ్రము వేళ్ళద్వారా చెట్టులోనికి ప్రవేశించి, నీరు పైకి పోవు నాళములను మూసివేయును. అందుచేత భూమిలో పదను ఉన్నను చెట్టునకు నీరందదు.

గుర్తించు విధము

మొదట ఆకులు పసుపువన్నె దాల్చి వ్రేలాడును. ఒక్కొక్కప్పుడు చెట్టున ఒక ప్రక్క కొమ్మలు మాత్రమే ఎండును. కాండముపై మొదలునుండి పైకి ఊదారంగు చార కనబడును. అట్టి చెట్టు మొదలును కత్తితో చీల్చి చూచిన లోపల గోధుమ లేక నల్లని గీతలుండును. బెట్టవలన వాడిన చెట్టులో ఈ గీతలుండవు. వాన కురిసిన అది తిరిగి తేరుకొనును. తెగులు సోకిన చెట్టు తేరుకొనదు. చెట్టు పచ్చగా గుబురుగా పెరిగి పూత పూయకున్నచో అది వేరొక జబ్బు. దానిని వెర్రితెగులు అందురు. అది కంటికి కానరాని నల్లివలన వ్యాపించును.

ఎండిన చెట్టుకు మందు లేదు

నాళములు మూసుకొనిపోయిన పిమ్మట ఆకులపై ఏ మందు చల్లినను ఫలముండదు. అప్పుచేసి మందు కొనుట నష్టముమీద నష్టమే. ఎకరమునకు నాలుగు బస్తాలు పండవలసిన చేనిలో కాయపట్టకముందే నాల్గవవంతు చెట్లు ఎండినచో ఒక బస్తా పోవును. ఖర్చులో మాత్రము ఒక్క రూపాయియు తగ్గదు. కావున చేయవలసినదంతయు విత్తుటకు ముందే చేయవలెను.

పంటమార్పిడి

ఈ శిలీంధ్రము కందిమోళ్ళయందును, వేళ్ళ తునకలయందును మూడేండ్లు లేక అంతకు మించి జీవించును. ఏటేట అదే చేనిలో కంది వేయువాడు తెగులునకు తానే మేత వేసినవాడగును. జొన్నపై ఇది బ్రతుకదు. కందికి జొన్నతో మార్పిడి చేసినను, కందిసాళ్ళ నడుమ జొన్న వేసినను తెగులు తగ్గునని పటాన్‌చెరువునందలి ఇక్రిశాట్ పరిశోధనాలయమువారు కనుగొనిరి.

కందికే మంచి ధర పలుకుచుండగా జొన్న యేల వేయవలెనని కొందరడుగుదురు. కంది మానవలసిన పనిలేదు, చేను మార్చవలెను. తొమ్మిదెకరముల మెట్ట గల రైతు దానిని మూడు భాగములు చేసి, ఒక భాగమున కందిని, ఒక భాగమున జొన్నను, ఒక భాగమున ఆముదమును వేసి ఏటేట మార్చుచు రావలెను. అప్పుడు ప్రతి సంవత్సరము కంది చేతికి వచ్చును. ఒకే భూమిలో మాత్రము మూడేండ్ల కొకసారియే పడును. భూమిని కౌలున కిచ్చువారు ఏ సర్వేనంబరులో ఏ యేట కంది వేసిరో వ్రాసి యుంచుకొని, క్రొత్త కౌలుదారునకు ముందే తెలుపవలెను. కౌలుదారు ఒక యేడు ఉండి పోవును; తెగులు భూమితోనే యుండును.

విత్తనము

తెగులును తట్టుకొను రకములు కలవు. మారుతి (ఐ.సి.పి. 8863) ఎండు తెగులును తట్టుకొనును గాని వెర్రితెగులునకు లోబడును. ఆశ (ఐ.సి.పి.ఎల్. 87119) రెంటిని తట్టుకొనును, అయితే ఇది ఆరుమాసములకు సమీపముగా కాలము తీసికొనును గనుక పదను నిలుచు రేగడిభూములకు తగును. ఎండిన చెట్లున్న చేనినుండి విత్తనము దాచరాదు.

కిలో విత్తనమునకు 10 గ్రాముల ట్రైకోడెర్మా విరిడి పొడిని పట్టించవలెను. చేనికిగాను ఆ పొడినే 2 కిలోలు తీసికొని, 90 కిలోల మాగిన పశువుల ఎరువుతోను 10 కిలోల వేపపిండితోను కలిపి, నీడలో తడి ఆరకుండ వారము పదిదినములుంచి ఎకరమునకు చల్లవలెను. కంది ఇంతకుముందు వేయని భూములలో రైజోబియం పొడిని కూడ విత్తనమునకు పట్టించి, నీడనార్చి, ఆలస్యము చేయక విత్తవలెను.

మోళ్ళను తీయుట

ఎండిన చెట్టు కనబడినవెంటనే వేళ్ళతో పెరికి కాల్చవలెను, గట్టున పారవేయరాదు. ఎండిన తావులను కర్రలు పాతి గుర్తించుకొనవలెను. కోత అయిన పిమ్మట మోళ్ళను చేనిలో విడువక త్రవ్వి తీసి, వేసవిలో లోతుగా దున్నవలెను.

ఈ పనులలో ఎక్కువ ధనము పట్టునది ఏదియు లేదు. ముందుచూపు మాత్రము కావలయును. రానున్న తొలకరికి కంది వేయదలచిన రైతు మొట్టమొదట చూడవలసినది విత్తనపు సంచి కాదు. ఆ చేనిలో గడచిన మూడేండ్లు ఏమి పండెనో ఆ సంగతి.