బర్మింగ్‌హామ్ జైలు ఉత్తరం, ఇంగ్లీషు క్లాసు

అమెరికా హైస్కూళ్లలో ఏప్రిల్ నెలాఖరు వచ్చిందంటే ఇంగ్లీషు క్లాసులో పునశ్చరణ జోరందుకుంటుంది. మే నెలలో కాలేజీ బోర్డు నిర్వహించే అడ్వాన్స్‌డ్ ప్లేస్‌మెంట్ ఇంగ్లీషు లాంగ్వేజ్ పరీక్షకు అక్కడి తెలుగు కుటుంబాల పిల్లలు కూడా కూర్చుంటారు. మెటఫర్, ఐరనీ, అల్యూజన్, అనాఫొరా, ఎథోస్, పాథోస్, లోగోస్ అంటూ ఒకవైపు పేరు, వెనకవైపు నిర్వచనం రాసిన ఫ్లాష్ కార్డులు తిరగేస్తుంటారు. మన పదో తరగతి తెలుగు పేపర్లో ఒక వాక్యమిచ్చి అందులోని అలంకారాన్ని గుర్తించమంటారే, ఆ ప్రశ్నకు తయారైనట్టే ఇదీ. పేరు దగ్గరే ఆగిపోయే ఈ పునశ్చరణ పిల్లలకు తీరని నష్టం చేస్తోందని నా వాదన. ఈ రచయిత, ఈ పాఠకుల ముందు, ఈ సందర్భంలో ఈ ఎత్తే ఎందుకు వేశాడని అడిగినప్పుడే ఆ పేరుకు విలువ.

ఈ క్లాసుల్లో తరచూ చదివించే ఒక ఉత్తరాన్నే చూద్దాం. 1963 ఏప్రిల్ 12న, గుడ్ ఫ్రైడే నాడు, అలబామా రాష్ట్రంలోని బర్మింగ్‌హామ్‌లో నల్లజాతి పౌరహక్కుల నాయకుడు మార్టిన్ లూథర్ కింగ్‌ను అరెస్టు చేశారు. ప్రదర్శనలు జరపరాదన్న కోర్టు ఉత్తర్వును ధిక్కరించారన్నది అభియోగం. అదే సమయంలో ఆ రాష్ట్రానికి చెందిన ఎనిమిది మంది శ్వేతజాతి మతాచార్యులు ఒక ప్రకటన చేశారు. ఇది వీధుల్లోకి వచ్చే సమయం కాదనీ, న్యాయం కోర్టుల్లో, చర్చల్లో వెతుక్కోవాలనీ దాని సారాంశం. జైలు గదిలో వార్తాపత్రిక అంచుల మీద మొదలుపెట్టి కింగ్ రాసిన జవాబే ఏప్రిల్ 16 తేదీ వేసిన ఆ ఉత్తరం. అన్యాయమైన చట్టం ఏదో తేల్చే చోట ఆయన థామస్ అక్వినాస్‌ను, మార్టిన్ బూబర్‌ను, పాల్ టిలిక్‌ను సాక్ష్యానికి పిలుస్తారు. విద్యార్థి ఇక్కడ అల్యూజన్ (ప్రసిద్ధుల ప్రస్తావన) అని రాసి ముందుకు వెళ్లిపోతే అసలు సంగతి చేజారినట్టే. ఉత్తరం అందుకోవలసిన ఎనిమిది మందిలో ఒకరు కాథలిక్ బిషప్, ఒకరు యూదు రబ్బీ, మిగిలినవారు ప్రొటెస్టెంట్లు. అక్వినాస్ కాథలిక్కులకు ప్రమాణం, బూబర్ యూదు తత్వవేత్త, టిలిక్ ప్రొటెస్టెంట్ వేదాంతి. ఇది మా సంప్రదాయం మాట కాదని తప్పుకునే వీలు ఎనిమిది మందిలో ఒక్కరికీ మిగల్లేదు.

అదే ఉత్తరంలో 300 పైచిలుకు మాటల వాక్యం ఒకటుంది. మూకల చేతుల్లో పోయిన ప్రాణాలు, పోలీసుల క్రూరత్వం, పేదరికం ఒకదాని వెనక ఒకటి వస్తాయి. వాటి మధ్యనే, టీవీలో ప్రకటన చూసి వినోదాల పార్కుకు వెళ్దామన్న ఆరేళ్ల కూతురికి, నల్లపిల్లలకు అక్కడ ప్రవేశం లేదని చెప్పలేక తడబడే తండ్రీ వస్తాడు. ప్రధాన వాక్యం చిట్టచివరగానీ రాదు. దీన్ని పీరియాడిక్ సెంటెన్స్ అంటారని పిల్లలకు తెలుసు. అయితే, ఇంకొంత కాలం ఓపిక పట్టమని సలహా ఇచ్చినవారిని ఆ వాక్యం ముగిసేదాకా ఓపిక పట్టేలా చేశాడు రచయిత. వాళ్లు ఇచ్చిన సలహా ఎంత బరువో వాక్యనిర్మాణమే వాళ్లకు చవిచూపిస్తుంది. ఆ పిల్ల ప్రస్తావనను ఉత్త పాథోస్ (భావోద్వేగాన్ని తట్టడం) కింద జమకట్టడమూ అన్యాయమే. హింసను దూరం నుంచి ఖండించి ఊరుకోగలిగినవారిని సైతం, బిడ్డకు జవాబు చెప్పలేని తండ్రి స్థానంలో నిలబెడుతుందది.

అలాగైతే పేర్లు ఎందుకు, ఊరికే బాగా చదివిస్తే చాలదా అని అడిగేవారున్నారు. నేనలా అనను. పేరు తెలియని పిల్లవాడికి ఆ వాక్యం కదిలించిందని మాత్రమే తెలుస్తుంది. పేరు తెలిసినవాడు అదే కట్టుబడిని వేరే ప్రసంగంలోనూ పోల్చుకుంటాడు, తన వ్యాసంలో తానూ వాడతాడు. ఇక రెండో అభ్యంతరం, పరీక్ష ముందు అంత తీరిక ఎక్కడిదని. పరీక్షే ఇటు మొగ్గుతోంది. రాయవలసిన మూడు వ్యాసాల్లో ఒక్కోదానికి 6 పాయింట్లయితే, అందులో 4 ఆధారాలకూ వాటి వివరణకూ కలిపి ఇచ్చేవే. పేర్లు వల్లించి వివరణ ఇవ్వని జవాబుకు ఆ నాలుగూ పూర్తిగా దక్కవు. వంద కార్డులు తిరగేసే గంటలో ఒక్క పేజీని నిదానంగా విప్పి చూపిస్తే మార్కుల లెక్కలోనూ లాభమే.

అన్నిటికన్నా గట్టి అభ్యంతరం పాతది. ఒప్పించే విద్య నేర్పడమంటే బురిడీ కొట్టించడం నేర్పడం కాదా? ప్లేటో తన గోర్గియస్ సంభాషణలో సోక్రటీసు చేత ఈ విద్యను ముఖస్తుతి అనిపించాడు. బలాన్నీ ఆరోగ్యాన్నీ సంపదనూ కూడా చెడ్డపనికి వాడవచ్చు, అంతమాత్రాన అవి చెడ్డవైపోవు అని అరిస్టాటిల్ తన రెటోరిక్ గ్రంథంలో సమాధానమిచ్చాడు. ఆ సమాధానం నిజం కావాలంటే ఒక షరతుంది: మనం మెచ్చే రచనకే కాక ఎదుటి పక్షం రచనకూ అవే ప్రశ్నలు వేయాలి. కింగ్ ఉత్తరం చదివించే ప్రతి క్లాసులో మతాచార్యుల ప్రకటననూ పక్కన పెట్టి చదివించాలి. పెద్దదేమీ కాదు, కొద్ది పేరాలే. కింగ్ పేరు ఎత్తకుండా బయటివాళ్లు అని మాత్రమే ఎందుకన్నారు? పోలీసుల సంయమనాన్ని పనిగట్టుకుని ఎందుకు మెచ్చుకున్నారు? ఆ మర్యాదైన, మెత్తని స్వరం ఎవరిని ఊరడించడానికి?