తెలుగు కీబోర్డు ఉదయమున మేలుకొనుట

హోసూరులోను, బరంపురములోను, బళ్ళారిలోను తరతరములుగా స్థిరపడిన తెలుగు కుటుంబముల పిల్లలు కంప్యూటరుపై తెలుగు వ్రాయబూనినపుడు ఒక చిన్న చిక్కు ఎదురగుట కలదు. నిన్న సాయంకాలము చక్కగా పడిన తెలుగక్షరములు నేటి ఉదయమున పడవు. ఏ మీట నొక్కినను ఆంగ్లాక్షరమే వచ్చును. యంత్రము చెడినదని తలచి పిల్లలు తెలుగు మాటలను ఆంగ్ల లిపిలో వ్రాయ మొదలిడుదురు. ఆ అలవాటు ఒకమారు పట్టుబడిన వదలింపజాలము. తరచి చూచినచో, అక్షరములు కూర్చు సహాయక ప్రోగ్రామును ఆ ఉదయమున ఎవరును లేపలేదని తెలియును.

లినక్సు యంత్రములలో ఈ సహాయకుడు సాధారణముగా ఐబస్ అను ప్రోగ్రాము. ఇది కిటికీ తెరచుకొని కానవచ్చునది కాదు. తెర వెనుక నుండి, నొక్కిన మీటలను అందుకొని, గుణింతము కూర్చి ముందున్న ప్రోగ్రామునకు అందించును. వాడుకరి లాగౌట్ చేయగానే ఆతని సెషన్‌తోపాటు ఇదియు ముగియును. మరల లాగిన్ అయినపుడు దీనిని పిలువవలెను. గ్నోమ్ డెస్క్‌టాపు తానే పిలుచును. పాత యంత్రములకు అనువైన ఎక్స్‌ఎఫ్‌సీఈ వంటి తేలిక డెస్క్‌టాపులలో ఈ ఏర్పాటు పలుమారు వాడుకరియే చేసికొనవలసియుండును.

1984లో ఎం.ఐ.టీ.లో పుట్టిన ఎక్స్ విండో పద్ధతిలో ఈ పిలుపులను ఎక్స్‌ఇనిట్‌ఆర్‌సీ అను ఫైలులో వరుసగా వ్రాసెడివారు. నేపథ్యమున నడువవలసిన ప్రతి ప్రోగ్రాము చివర యాంపర్శాండ్ గుర్తు ఉండవలెను. అది మరచినచో, మొదటి బంతివారు లేచువరకు రెండవ బంతికి విస్తళ్లు వేయనట్లు, ఆ ప్రోగ్రాము ముగియువరకు తరువాతి పంక్తి కదలదు, డెస్క్‌టాపు రానేరాదు.

నేడు ప్రధాన డెస్క్‌టాపులన్నిటికిని ఒకే ఒడంబడిక కలదు. వాడుకరి హోమ్ ఫోల్డరులో కాన్ఫిగ్ అను దాగిన ఫోల్డరు, దానిలో ఆటోస్టార్ట్ ఫోల్డరు ఉండును. అందులో ప్రోగ్రాము పేరును, నడపవలసిన ఆజ్ఞను తెలుపు చిన్న ఫైలు నుంచిన చాలును. ఎక్స్‌ఎఫ్‌సీఈలో సెషన్ అండ్ స్టార్టప్ అను అమరికను తెరచి ఐబస్ డీమన్‌ను చేర్చినచో ఆ ఫైలు తానే ఏర్పడును.

ఇంత చేసినను కొన్ని ప్రోగ్రాములలో తెలుగు పడకపోవచ్చును. మీటలను ఐబస్‌కు అప్పగింపవలెనని జీటీకే, క్యూటీ పద్ధతుల ప్రోగ్రాములకు ముందుగా తెలిపియుండవలెను. ఆ సూచనలు ఎన్విరాన్‌మెంట్ వేరియబుల్స్ రూపమున నుండును. తల్లి మాట బిడ్డలకు చేరును గాని, ఒక బిడ్డ మాట తోబుట్టువులకు చేరదు. కావున వీనిని ఆటోస్టార్ట్‌లో కాక, సెషన్‌కు ముందే చదువబడు ఎక్స్‌ప్రొఫైల్ ఫైలులో వ్రాయవలెను. డెబియన్, ఉబుంటులలో ఐఎం కాన్ఫిగ్ అను పనిముట్టు ఈ రెండు పనులను నిర్వహించును; అది సరిగా నడచుచోట వేరు ఏర్పాటు అనవసరము.

హోమ్ ఫోల్డరులోని ఫైలు ఆ ఒక్క వాడుకరికే వర్తించును. బడి యంత్రమున పిల్లలకు వేరువేరు ఖాతాలున్నచో, ఈటీసీ ఫోల్డరులోని ఎక్స్‌డీజీ క్రింద గల ఆటోస్టార్ట్‌లో ఒక ఫైలు నుంచిన అందరికిని పనిచేయును. అక్కరలేని వాడుకరి అదే పేరుతో తన ఫోల్డరులో ఫైలు నుంచి, అందు హిడెన్ అను పదమునకు ట్రూ అని వ్రాసికొనిన, ఆతనికి మాత్రము అది నిలిచిపోవును. ఈటీసీలో వ్రాయుటకు నిర్వాహకుని పాస్‌వర్డు కావలెను. దానిని పరీక్షల నాటికి కాక, బడి తెరచిన మొదటి వారముననే అడిగి పని ముగించుకొనుట మేలు.