కంబైన్ హార్వెస్టరులో గవర్నరు సర్దుబాటు: గింజ నష్టానికి, ఇంజను మన్నికకు మూలం

దాళ్వా కోతల కాలంలో గోదావరి, కృష్ణా డెల్టాల్లోను, యాసంగి కోతల వేళ నిజామాబాదు, కరీంనగర్ ప్రాంతాల్లోను కంబైన్ హార్వెస్టర్లకు తీరిక ఉండదు. అకాల వర్షం వచ్చే లోపు పంటను ఒడ్డుకు చేర్చాలన్న ఆరాటం రైతుది. సీజను ముగిసే లోపు వీలైనన్ని ఎకరాలు కోయాలన్న ఆత్రుత యంత్రం యజమానిది. ఇటువంటి తొందరలో దట్టమైన చేలోకి ప్రవేశించిన యంత్రం శబ్దం ఒక్కసారిగా కుంగి, పొగగొట్టం నుండి నల్లని పొగ వెలువడుతుంది. ఇంజనుకు బలం చాలడం లేదని భావించి, ఇంధన పంపు మీది సీలును తెంచి, చేతికి అందిన స్క్రూను తిప్పే ఆపరేటర్లు ఉన్నారు. కొన్ని గంటలు యంత్రం జోరుగా నడిచినట్లే కనిపిస్తుంది. కాని ఆ స్క్రూ దేనిని నియంత్రిస్తుందో తెలియకుండా చేసిన మార్పు వల్ల ఒకవైపు రైతు గింజలు గడ్డితోపాటు పొలంలో పడిపోతాయి. మరొకవైపు ఇంజను ఆయుష్షు తరిగిపోతుంది. గవర్నరు బలాన్ని పెంచే సాధనం కాదు, వేగాన్ని నిలిపే సాధనం. ఈ ఒక్క విషయం గ్రహించినట్లయితే ఈ నష్టాలలో చాలావాటిని నివారించవచ్చు.

గవర్నరు చేసే పని

డీజిల్ ఇంజను వేగం ప్రధానంగా సిలిండర్లలోకి చిమ్మే ఇంధన పరిమాణంపై ఆధారపడి ఉంటుంది. ఒకే పరిమాణంలో ఇంధనం అందుతూ ఉంటే, బరువు పడినప్పుడు ఇంజను కుంగుతుంది. బరువు తొలగినప్పుడు వేగం హద్దు లేకుండా పెరిగి ఇంజను విరిగిపోయే ప్రమాదం ఉంది. కోతయంత్రంపై పడే బరువు క్షణక్షణం మారుతుంది. చేను ఒకచోట పలుచగా, మరొకచోట దట్టంగా ఉంటుంది. గట్టు దగ్గర యంత్రం తిరిగేటప్పుడు బరువు దాదాపు పూర్తిగా తగ్గిపోతుంది. ఈ మార్పులకు అనుగుణంగా ఇంధనాన్ని పెంచుతూ, తగ్గిస్తూ ఉండే భాగమే గవర్నరు.

1788లో జేమ్స్ వాట్ ఆవిరి యంత్రానికి అమర్చిన గవర్నరు సూత్రమే యాంత్రిక గవర్నరులోనూ పనిచేస్తుంది. పంపు షాఫ్టుతోపాటు తిరిగే బరువులు అపకేంద్ర బలంతో వెలుపలికి జరగాలని చూస్తాయి. ఒక స్ప్రింగు వాటిని లోపలికి అదిమి ఉంచుతుంది. వేగం పెరిగితే బరువులు స్ప్రింగును జయించి, ఇంధనాన్ని తగ్గించే దిశకు రాక్ కడ్డీని జరుపుతాయి. వేగం తగ్గితే స్ప్రింగుదే పైచేయి అవుతుంది, ఇంధనం పెరుగుతుంది. డ్రైవర్లు 'రేసు' అని పిలిచే చేతి లీవరు నేరుగా ఇంధనాన్ని పెంచదు. స్ప్రింగు బిగువును మాత్రమే మారుస్తుంది. అనగా ఎంత వేగం కావాలో డ్రైవరు తెలియజేస్తాడు, ఎంత ఇంధనం కావాలో గవర్నరు నిర్ణయిస్తుంది.

బరువు పడినప్పుడు యాంత్రిక గవర్నరు వేగాన్ని ఏమాత్రం తగ్గకుండా నిలపలేదు. కొంత వేగం తగ్గితేనే అది స్పందిస్తుంది. ఈ తగ్గుదలను 'డ్రూప్' అంటారు. ఉదాహరణకు బరువు లేనప్పుడు పూర్తి రేసులో నిమిషానికి 2380 చుట్లు తిరిగే ఇంజను, పూర్తి బరువులో 2200 చుట్లకు చేరితే డ్రూప్ 8.2 శాతం. యంత్ర నిర్మాతలు నూర్పిడి, తూర్పార భాగాల వేగాలను పూర్తి బరువులోని 2200 చుట్లను దృష్టిలో ఉంచుకొని నిర్ణయిస్తారు. కనుక బరువు లేనప్పుడు 2380 చుట్లు ఉండడం లోపం కాదు, అవసరం.

ఇంజను వేగానికి, గింజ నష్టానికి గల సంబంధం

కోతయంత్రంలో నూర్పిడి సిలిండరు, గడ్డిని దులిపే వాకర్లు, జల్లెడలు, గాలిపంకా అన్నీ బెల్టుల ద్వారా ఒకే ఇంజనుతో తిరుగుతాయి. ఇంజను వేగం తగ్గితే అన్నింటి వేగమూ అదే నిష్పత్తిలో తగ్గుతుంది. కాని దాని ప్రభావం మాత్రం అన్ని భాగాలలో ఒకే విధంగా ఉండదు.

పై ఉదాహరణలోని యంత్రంలో రేసు తీగ వదులై, బరువు లేనప్పుడు 2380 చుట్లకు బదులు 2200 మాత్రమే వస్తున్నదని అనుకుందాం. పూర్తి బరువులో వేగం సుమారు 2030 చుట్లకు దిగుతుంది. 60 సెంటీమీటర్ల వ్యాసం గల నూర్పిడి సిలిండరు 700 చుట్లు తిరగవలసిన చోట 646 చుట్లే తిరుగుతుంది. దాని అంచు వేగం సెకనుకు 22 మీటర్ల నుండి 20.3 మీటర్లకు తగ్గుతుంది. కంకిలో రాలని గింజలు మిగులుతాయి.

వాకర్ల విషయంలో నష్టం ఇంకా ఎక్కువ. 5 సెంటీమీటర్ల క్రాంకుపై 200 చుట్లు తిరిగే వాకరు గడ్డిని గురుత్వ త్వరణానికి 2.24 రెట్లతో ఎగురవేస్తుంది. వేగం 185 చుట్లకు తగ్గితే అది 1.91 రెట్లు మాత్రమే అవుతుంది. వేగం దాదాపు 8 శాతం తగ్గితే దులిపే శక్తి 15 శాతం తగ్గిందన్నమాట. ఈ శక్తి వేగం వర్గాన్ని అనుసరించి మారడమే ఇందుకు కారణం. గాలిపంకా ఒత్తిడికి కూడా ఇదే సూత్రం వర్తిస్తుంది. ఫలితంగా రాలిన గింజ గడ్డిలోనే చిక్కుకొని వెనుకకు పోతుంది. ట్యాంకులోకి చేరిన ధాన్యంలో తాలు, చెత్త ఎక్కువగా కనిపిస్తాయి. ఈ స్థితిలో ఆపరేటరు కాన్కేవ్ ఖాళీని బిగిస్తే గింజ పగిలి, మరపట్టినప్పుడు నూక పెరుగుతుంది. ఇలా మూలలోపం ఒకచోట ఉండగా చికిత్స మరొకచోట జరుగుతుంది.

వేగం అధికమైనా నష్టమే. బరువు లేని వేగాన్ని 2380 నుండి 2600 చుట్లకు పెంచితే పిస్టన్లు, కనెక్టింగు రాడ్లపై పడే జడత్వ బలాలు సుమారు 19 శాతం పెరుగుతాయి. బెల్టులు, బేరింగులు త్వరగా అరుగుతాయి. సిలిండరు దెబ్బకు గింజ పగులుతుంది. పంకా గాలికి మంచి గింజ కూడా పొట్టుతోపాటు ఎగిరిపోతుంది.

పంపుపై మూడు సర్దుబాట్లు

సాధారణంగా యాంత్రిక గవర్నరు గల పంపుపై మూడు ముఖ్యమైన సర్దుబాట్లు ఉంటాయి. మొదటిది కనిష్ఠ వేగపు స్క్రూ. రేసు పూర్తిగా తగ్గించినప్పుడు ఇంజను ఆగిపోకుండా నడవవలసిన వేగాన్ని ఇది నిర్ణయిస్తుంది. రెండవది గరిష్ఠ వేగపు స్క్రూ. రేసు లీవరు ఎంతవరకు కదలాలో ఇది నిర్ణయిస్తుంది. దీనికి సీలు వేసి ఉంటుంది. మూడవది పూర్తి బరువులో అందే గరిష్ఠ ఇంధనాన్ని నిర్ణయించే సర్దుబాటు. దీనిని పంపు పరీక్షా బెంచిపై, ప్రతి సిలిండరుకు అందే ఇంధనాన్ని కొలిచి మాత్రమే మార్చాలి. పొలంలో పొగను చూసి దీనిని తిప్పితే, ఉన్న గాలి చాలక ఇంధనం సగం కాలి మసిగా మారుతుంది. పిస్టన్లు వేడెక్కడం, ఇంజను ఆయిలు మసితో చిక్కబడడం, డీజిల్ ఖర్చు పెరగడం దీని పర్యవసానాలు.

ఎలక్ట్రానిక్ నియంత్రణ గల కొత్త ఇంజన్లలో ఈ స్క్రూలు ఉండవు. వాటిని నిర్మాత సూచించిన పరికరంతో శిక్షణ పొందిన మెకానిక్కులే పరీక్షించాలి.

స్క్రూను ముట్టే ముందు

వేగం పడిపోవడానికి గవర్నరు కంటే ఇతర కారణాలే తరచుగా కనిపిస్తాయి. వరి కోతలో లేచే నుసి ఎయిర్ క్లీనరును, రేడియేటరు జాలీని త్వరగా మూసివేస్తుంది. డీజిల్ ఫిల్టర్లు మూసుకుపోయినా, నీటిని వేరుచేసే గిన్నె నిండినా, గొట్టాల జాయింట్ల వద్ద గాలి పీల్చినా ఇంధనం సరిగా అందదు. బెల్టులు జారితే ఇంజను వేగం సరిగా ఉన్నా సిలిండరు వేగం తగ్గుతుంది. అందువల్ల ఇంజను వేగాన్ని, సిలిండరు వేగాన్ని విడివిడిగా కొలవాలి.

అన్నిటికంటే ముందుగా రేసు లీవరును పూర్తిగా పెట్టి, పంపు మీది లీవరు గరిష్ఠ వేగపు స్క్రూను తాకుతున్నదా లేదా అని ఇంజను ఆపి ఉన్నప్పుడే చూడాలి. తాకకపోతే లోపం తీగలోనో, లింకులలోనో ఉన్నట్లు. తీగ పొడవును సరిచేస్తే చాలు. సీలు తెంచవలసిన అవసరమే రాదు.

సర్దుబాటు విధానం

యంత్రాన్ని సమతల ప్రదేశంలో నిలిపి, హెడరును నేలకు దించి, పార్కింగు బ్రేకు వేయాలి. స్టాప్ లీవరు ఇంజనును వెంటనే ఆపగలుగుతున్నదని ముందుగానే నిర్ధారించుకోవాలి. వదులు దుస్తులతో, తలగుడ్డ వేలాడుతుండగా తిరిగే బెల్టుల దగ్గరకు పోరాదు.

ఇంజను పని ఉష్ణోగ్రతకు చేరే వరకు నడిపి, నూర్పిడి భాగాల క్లచ్చి విడిచి, క్రాంకు పుల్లీపై మెరిసే పట్టీ అంటించి చేతి టాకోమీటరుతో వేగాన్ని కొలవాలి. డాష్‌బోర్డు మీది మీటరును మాత్రమే నమ్మరాదు. మొదట కనిష్ఠ వేగాన్ని, ఆ తరువాత బరువు లేని గరిష్ఠ వేగాన్ని యంత్రం పుస్తకంలోని అంకెలతో పోల్చాలి. తేడా ఉండి, పైన చెప్పిన కారణాలేవీ లేవని తేలినప్పుడే లాక్ నట్టు వదులు చేసి, స్క్రూను కొద్దికొద్దిగా తిప్పుతూ ప్రతిసారీ వేగాన్ని కొలవాలి. సరైన వేగం వచ్చాక లాక్ నట్టు బిగించి మరల కొలవాలి. బిగింపులోనే వేగం మారిపోయే అవకాశం ఉంది. పంపు వారంటీలో ఉన్నట్లయితే ఈ పనిని అధీకృత మెకానిక్కుకే అప్పగించి, సీలు తిరిగి వేయించాలి.

ఇంజను వేగం ఒకచోట నిలవక పైకి, కిందికి ఊగుతుంటే స్క్రూతో అది నయం కాదు. ఇంధనంలో గాలి చేరడం, రాక్ కడ్డీ పట్టివేయడం, గవర్నరు స్ప్రింగు లేదా కీళ్లు అరగడం అందుకు కారణాలు కావచ్చు. రాక్ కడ్డీ పూర్తి ఇంధనం వద్ద పట్టివేస్తే ఇంజను అదుపు తప్పి పరుగెత్తుతుంది. కాబట్టి పంపును విప్పి అమర్చిన తరువాత మొదటిసారి స్టార్టు చేసేటప్పుడు గాలి ప్రవేశ ద్వారాన్ని గట్టి చెక్కపలకతో మూయడానికి ఒక మనిషి సిద్ధంగా ఉండాలి. చేతితో గాని, గుడ్డతో గాని మూసే ప్రయత్నం చేయరాదు.

పొలంలో పరీక్ష

సర్దుబాటు ఫలితాన్ని చేలోనే చూడాలి. ఎకరాకు 25 క్వింటాళ్లు పండే చేలో చదరపు మీటరుకు సుమారు 618 గ్రాముల ధాన్యం ఉంటుంది. హెడరు వెడల్పు 4 మీటర్లు అయితే, యంత్రం దాటిపోయిన తరువాత ఆ వెడల్పున ఒక మీటరు పొడవు గల పట్టీని గుర్తించి, గడ్డిని దులిపి, నేలమీది గింజలను ఏరి తూచాలి. కోతకు ముందే రాలిన గింజలను పక్క చేలో అంతే విస్తీర్ణంలో ఏరి, ఆ బరువును తీసివేయాలి. మిగిలినది 25 గ్రాములుంటే నష్టం సుమారు ఒక శాతం. అది ఎకరాకు 25 కిలోల ధాన్యంతో సమానం. సర్దుబాటుకు ముందు, తరువాత ఈ తూకం వేస్తే మార్పు స్పష్టమవుతుంది.

అన్నీ సరిగా ఉన్నా దట్టమైన చేలో ఇంజను కుంగుతుంటే యంత్రం నడక వేగాన్ని తగ్గించాలి, రేసును తగ్గించరాదు. కోత సాగినంతసేపు రేసు పూర్తిగా ఉండాలి; లోపలికి వచ్చే పైరు పరిమాణాన్ని గేరుతోనో, వేగం మార్చే లీవరుతోనో అదుపు చేయాలి. గంట లెక్కన బాడుగ ఇచ్చే రైతు త్వరగా ముగించమంటాడు. ఎకరం లెక్కన ఒప్పుకున్న యజమాని కూడా అదే కోరుకుంటాడు. ఆ తొందరలో మిగిలిన కొద్ది నిమిషాల విలువ కంటే గడ్డిలో పోయిన ధాన్యం విలువ ఎక్కువ కావచ్చు.

అనంతపురం జిల్లా గార్లదిన్నెలోని దక్షిణ ప్రాంత వ్యవసాయ యంత్ర శిక్షణ, పరీక్షా సంస్థ వంటి చోట్ల యంత్రాల వాడకంలో, నిర్వహణలో శిక్షణ లభిస్తుంది. సీజనుకు ముందే ఆపరేటర్లు శిక్షణ పొంది, ఒక టాకోమీటరును పనిముట్ల పెట్టెలో ఉంచుకొని, కొలిచిన వేగాలను తేదీతో సహా పుస్తకంలో రాసుకోవడం మంచిది. వచ్చే కోతల్లో ఇంజను శబ్దం కుంగినప్పుడు చేయి స్పానరు మీదికి పోయే ముందు, కన్ను ఆ అంకెల మీదికి పోవాలి.