కనెక్టరునకు అధికారమిచ్చుట

ఒక పాఠశాల హాజరు పట్టిక వేరొక సంస్థ సర్వరులో నిలువయున్నదనుకొందము. ప్రతి సాయంకాలము దానిని పాఠశాల కంప్యూటరులోనికి తెచ్చుటకు నడుమ ఒక చిన్న ప్రోగ్రాము కావలెను. దీనిని కనెక్టరు అందురు. ఎవరి పక్షమున వచ్చినదో తెలియనిదే సర్వరు దానిని లోనికి రానీయదు. ఆ గుర్తింపును ఇవ్వవలసినవాడు ఖాతాదారుడైన ప్రధానోపాధ్యాయుడే.

ఆయన తన పాస్‌వర్డునే ఇచ్చినచో పని జరుగును. కాని అది, గుమ్మముకడ గిన్నె పెట్టిన చాలు ననుకొనుచోట, పాలవానికి ఇంటి తాళపుచెవి ఇచ్చుట వంటిది. చదువవలసిన కనెక్టరునకు తుడిచివేయు అధికారము కూడ చిక్కును. పిదప అనుమానము తోచి పాస్‌వర్డు మార్చినచో, దానితో నడచు తక్కిన కనెక్టర్లన్నియు ఆగిపోవును.

2012లో వెలువడిన ఓఆథ్ 2.0 పద్ధతిలో ఖాతాదారుడు పాస్‌వర్డును ఆ సంస్థ పుటలోనే వ్రాయును. కనెక్టరు దానిని చూడనే చూడదు. దానికి దక్కునది టోకెను, అనగా అక్షరములు, అంకెలు కలిసిన పొడవైన వరుస. “చదువవచ్చును, మార్చరాదు” అని దానికి హద్దు పెట్టవచ్చును. గడువు కూడ విధింపవచ్చును. రద్దు చేసినచో ఆ ఒక్క కనెక్టరే ఆగును. గిట్‌హబ్ సంస్థ 2021 ఆగస్టు 13 నుండి గిట్ పనులకు ఖాతా పాస్‌వర్డులను అంగీకరించుట మానినది. టోకెను వంటివి కావలెనన్నది.

అయితే టోకెను సాధారణముగా సినిమా టిక్కెట్టు వంటిది; ఎవరి చేత నున్న వారికి చెల్లును. అందుచే దానిని ప్రోగ్రాము వాక్యముల నడుమ వ్రాయక, కనెక్టరు అమరికలలో రహస్యములకై కేటాయించిన గడిలో ఉంచవలెను. అట్లు చేయనిచో, ప్రోగ్రామును మిత్రునకు పంపిననాడే టోకెనును కూడ పంపినట్లగును.