నవోదయ పరీక్షలో అంకగణితం

జవహర్ నవోదయ విద్యాలయాల్లో ఆరో తరగతి ప్రవేశానికి అయిదో తరగతి పిల్లలు రాసే ఎంపిక పరీక్షలో మొత్తం 80 ప్రశ్నలకు 100 మార్కులు ఉండగా, అందులో అంకగణితానికి, అంటే తీసివేతలు, భిన్నాలు, లాభనష్టాల వంటి లెక్కలకు, 20 ప్రశ్నలు, 25 మార్కులు ఉంటాయి. ఇచ్చిన నాలుగు జవాబుల్లో సరైనదాన్ని ఎంచుకుని ఓఎంఆర్ పత్రంలో, అంటే యంత్రం చదివే జవాబు పత్రంలో, వృత్తాన్ని నింపాలి.

5002లోంచి 1378 తీసివేయమన్నప్పుడు, సున్నాలు దాటి పక్క స్థానం నుంచి అప్పు తెచ్చుకోవడం రాని పిల్లలు ప్రతి స్థానంలోనూ పెద్ద అంకెలోంచి చిన్న అంకెను తీసేసి 4376 అంటారు. ఆ సంఖ్యే జవాబుల్లో కనిపిస్తే తమ లెక్క సరిపోయిందనుకుంటారు. దీన్ని అజాగ్రత్త అని పిల్లలను మందలించడం అన్యాయం, ఎందుకంటే అక్కడ లోపించింది స్థానవిలువ, అంటే అంకె ఉన్న చోటును బట్టి దానికి వచ్చే విలువ, గురించిన అవగాహన. అలాంటప్పుడు మరో వంద లెక్కలు చేయించడం కన్నా, పుల్లల కట్టలు విప్పి వందను పదులుగా, పదిని ఒకట్లుగా మార్చి చూపడం ఎంతో మేలు.

ఆ పునాది పడ్డాక అంచనా వేయడం నేర్పాలి: 5000లోంచి 1400 పోతే 3600 మిగులుతుందని మనసులోనే లెక్కగట్టగల విద్యార్థి 4376ను చూడగానే పక్కన పెట్టి, 3624ను ఎంచుకుంటాడు.