మీకు తెలుసా? కరివేపాకు మీద కదిలే పిట్టరెట్ట

పోపులోకి కరివేపాకు తుంచబోతుంటే, ఆకు మీద పిట్ట రెట్ట వేసినట్టు నల్లగా తెల్లగా ఏదో కనిపిస్తుంది. దులిపెయ్యకండి. అది సీతాకోకచిలుక పిల్ల. రెట్టను ఏ పిట్టా పొడవదు కదా, ఆ వేషమే దానికి రక్ష! కాస్త పెరిగాక ఆకుపచ్చగా మారుతుంది. అప్పుడు మెల్లగా తాకి చూడండి: తల వెనక నుంచి రెండు ఎర్రటి కొమ్ములు బయటపెట్టి ఘాటైన వాసన వదులుతుంది.

అది కామన్ మార్మన్ అనే రకం సీతాకోకచిలుక పిల్ల అయితే కథ ఇంకా ఉంది. మార్మన్‌కు విషం లేదు. ఈశ్వరి తీగ ఆకులు తిని పెరిగే క్రిమ్సన్ రోజ్ అనే మరో సీతాకోకచిలుకకు ఉంది. ఆకులోని విషం రెక్కలొచ్చాక కూడా దాని ఒంట్లోనే ఉంటుంది. మార్మన్ ఆడవాటిలో కొన్ని అచ్చం ఆ రోజ్‌లాగే ఎర్ర మచ్చలతో పుడతాయి. పిట్టలు భయపడి వదిలేస్తాయి. మగవాటికి మాత్రం ఆ వేషం లేదు.

తేనె కోసం సీతాకోకచిలుక రకరకాల పూల మీద వాలుతుంది. గుడ్డు పెట్టే దగ్గర మాత్రం పట్టింపు ఎక్కువ. ముంగాళ్లతో ఆకును తట్టి రుచి చూసి, తన పిల్లలు తినే మొక్కేనని తేలాకే పెడుతుంది. ప్లెయిన్ టైగర్‌కు జిల్లేడు కావాలి. రథసప్తమినాడు నెత్తిన పెట్టుకుని స్నానం చేస్తామే, ఆ జిల్లేడే. మాటిల్డ్ ఎమిగ్రెంట్ పిల్లలు తెలంగాణ రాష్ట్ర పుష్పమైన తంగేడు ఆకులు తింటాయి.

పురుగు కొరికిన కరివేపాకు చెట్టుకు మందు కొట్టకండి, మళ్లీ చిగురిస్తుంది.