ఒక్క పొయ్యి చుట్టును

ఢిల్లీ నగరమునకు తూర్పున, యమునానదిని దాటినంతనే, వికాసమార్గమునకు ఇరుప్రక్కలను దట్టముగా అల్లుకొనియున్న లక్ష్మీనగరమను పేట, గృహస్థుల నివాసములకంటె పరీక్షార్థుల గదులకే యెక్కువ ప్రసిద్ధి కెక్కినది. ఛార్టర్డ్ అకౌంటెన్సీ మొదలుకొని బ్యాంకు ఉద్యోగముల వఱకు నానావిధములైన పరీక్షలకు తరిఫీదు నిచ్చు కోచింగు సెంటర్ల బోర్డులు మేడల ముఖములను కప్పివేయగా, ఒకదాని నొకటి ఒరసికొని నిలిచిన ఆ మేడల అంతస్తులలో, నిన్నటివఱకు ఒకరి ముఖ మొకరు చూచి యెఱుగని ముగ్గురు నలుగురు యువకులు అద్దె పంచుకొనుటతో ఆరంభించి, అన్నము పంచుకొనుటకు అలవడి, కొన్ని నెలలు గడచునప్పటికి, ఒకనికి జ్వరము వచ్చిన రాత్రి తక్కినవారు నిద్ర మాని కనిపెట్టుకొని యుండు స్థితికి వచ్చుచున్నారు. 2010 జనవరిలో మెట్రోరైలు ఇచ్చటికి వచ్చినది మొదలు, నది కావలి కచేరీలకు పోవు చిరుద్యోగులకు సైతము ఇది అనుకూలమైన మజిలీ యైనది. తెలుగుదేశమునుండి పోయిన బిడ్డలున్న గదిలో, ఇంటినుండి వచ్చిన ఆవకాయ ఏ యొక్కరి సొత్తును కాదు. పప్పు వండువాడొకడు, గిన్నెలు తోమువాడొకడు, నెలాఖరున చేతిలో డబ్బు లేనివాని వాటాను నోరెత్తకుండ సర్దివేయువాడు మఱియొకడు. వీరు పరస్పరము ఏమగుదురు? స్నేహితులనిన చాలదు, ఒక కుటుంబమనుటకు లోకము సంకోచించును. ఆ సంకోచము అనవసరమనియు, మన పెద్దల ఆచారమునకు గూడ అది విరుద్ధమనియు నా దృఢవిశ్వాసము.

జనసంఖ్యను లెక్కించు ప్రభుత్వశాఖకు ఈ సంకోచము లేదు. సామాన్యముగా కలిసి నివసించుచు, ఒకే వంటయింటి భోజనము చేయు మనుష్యుల సమూహమును అది ఒక గృహముగా లెక్కించును. ఆ మనుష్యులు రక్తసంబంధులు కావచ్చును, ఏ సంబంధమును లేనివారు కావచ్చును, ఇరుతెగలవారును కలిసియుండవచ్చునని దాని నిర్వచనముననే స్పష్టముగా నున్నది. మన పల్లెలలోని తీర్పును ఇట్టిదే గదా! అన్నదమ్ములు ఒకే కప్పు క్రింద నున్నను, నడుమ గోడ లేకున్నను, ఒక కోడలు వేఱుకుంపటి పెట్టినదినమే ఆ ఇల్లు రెండిండ్లయినదని ఊరెల్ల చెప్పుకొనును. పొయ్యి వేఱైన రక్తబంధువులను రెండిండ్లవారనుటకు వెనుదీయని మనము, పొయ్యి కలిసిన పరాయివారిని ఒక ఇంటివారనుటకు ఏల జంకవలెను?

ఇందులకు సమాధానముగా వంశము, గోత్రము, పితృదేవతలు అను మాటలు వినవచ్చును. పూర్వుల విషయమున నాకును గౌరవము మెండుగా కలదు. తాత పేరు తెలియనివాని బ్రదుకు మూలము తెలియని బ్రదుకే యని నమ్మినవాడను. కాని ఆ పూర్వులు విధించిన తర్పణ క్రమమును ఒక్కమారు శ్రద్ధతో పరిశీలింపుడు. భాద్రపద బహుళమున మహాలయపక్షములో నువ్వులు, నీళ్లు విడుచు గృహస్థుడు తండ్రి, తాత, ముత్తాతలతో ఆరంభించి, తల్లివైపు వారిని స్మరించి, పినతండ్రులను, మేనమామలను, తోబుట్టువులను పేరుపేరున తలచి, అంతటితో ఆగక గురువునకును, ఆప్తునకును, సఖునకును గూడ తిలోదకము లర్పించును. తుదకు తల్లి గాని, తండ్రి గాని, బంధువు గాని, మిత్రుడు గాని లేక గతించిన అనామకుల కొఱకును ఒక దోసిలి విడుచును. మాఘమాసమున భీష్మునకు లోకమెల్ల తర్పణము విడుచుటకు కారణ మాయనకు సంతానము లేకపోవుటయే. తండ్రి సజీవుడై యున్నవాడును దీనిని చేయవచ్చునని శాస్త్రజ్ఞు లందురు. బిడ్డలు లేని ఒక వృద్ధునకు కోట్లకొలది జనమును బిడ్డలనుగా నిర్ణయించిన సంప్రదాయము, కుటుంబమును నెత్తుటిచుక్కలతో మాత్రమే కొలిచినదని యెవరనగలరు?

లక్ష్మీనగరపు ప్రక్కనే పాఱుచున్న యమున, పురాణము ప్రకారము యమధర్మరాజునకు చెల్లెలు. ఆమె అన్నను ఇంటికి పిలిచి వండి వడ్డించిన దినమని కార్తీక శుద్ధ విదియనాడు మనవారు భగినీహస్తభోజన మాచరింతురు. తోడబుట్టినది లేనివాడు వరుసకు చెల్లెలైనదాని చేతి అన్నము తినుట మన యిండ్లలో నేటికిని ఉన్నదే.

వంశచరిత్రలను కాపాడినవారు సైతము ఆ వంశములలో పుట్టినవారు కారు. తెలుగునాట పిచ్చుకగుంట్లవారు ఊరూర తిరిగి తమ దాతల గోత్రములను, వంశక్రమములను గానము చేయుచు జీవించిరి. ఇంటివారు మఱచిన ముత్తాత పేరు వారి నోట సజీవమై యుండెడిది. ఇక మగసంతానము లేని రైతు, తన కుమార్తెకు తగిన వరుని తెచ్చి ఇల్లటపుటల్లునిగా నిలుపుకొని, సేద్యమును, ఆస్తిని అతని కప్పగించుట రెడ్లలోను, కమ్మలలోను చిరకాలముగా నున్న ఆచారము. మదరాసు ఉన్నతన్యాయస్థానము సైతము దానిని చెల్లుబాటైన ఆచారముగా నంగీకరించినది. దత్తత మాట చెప్పనక్కఱయే లేదు. హిజ్రాల యిండ్లలో గురువు తల్లియై, శిష్యురాండ్రు కుమార్తెలై, కన్నవారు వెడలగొట్టిన బిడ్డకు అన్నము పెట్టి అంత్యక్రియల వఱకు నిర్వహించు పద్ధతియు ఈ దేశమున నూతనముగా పుట్టినది కాదు. ఎంచుకొనిన బంధుత్వము పరదేశమునుండి వచ్చిన వింత యని తలచువారు తమ తాతల కాగితములనే తిరుగవేసి చూచుకొందురు గాక.

అట్లని పాత ఉమ్మడి కుటుంబమును స్తుతించుట నా యుద్దేశము కాదు. ఆ విశాలమైన మండువాలోగిళ్ల మూలలయందే తల గొఱిగించుకొనిన బాలవితంతువులు కాలము వెళ్లబుచ్చిరి. కుమార్తె పుట్టినింటి పంక్తిలో కూర్చుండి భుజించినను, ఆస్తి పత్రములలో ఆమెకు చోటు లేకుండెను. 1986లో ఆంధ్రప్రదేశ్ శాసనము, 2005లో కేంద్ర శాసనము పిత్రార్జితములో ఆమెకు కుమారునితో సమానమైన హక్కు నిచ్చువఱకు ఆ యసమానత పూర్తిగా తొలగలేదు. ఈ దుఃఖమును కన్నులార చూచి, తన జీవితముతోనే దానికి ప్రత్యుత్తర మిచ్చిన తెలుగు మహిళ పేరు ఢిల్లీలో నిలిచియున్నది. లక్ష్మీనగరమునుండి వంతెన దాటి కొంత దూరము పోయిన యెడల దీన్‌దయాళ్ ఉపాధ్యాయ మార్గములో ఆంధ్ర పాఠశాల కానవచ్చును. ఢిల్లీకి వలసవచ్చిన తెలుగువారి పిల్లల కొఱకు 1948లో వెలసిన ఆంధ్ర ఎడ్యుకేషన్ సొసైటీకి చెందినది అది. ఆ సంస్థకు మూలపురుషురాలు దుర్గాబాయి దేశ్‌ముఖ్.

1909లో రాజమహేంద్రవరమున జన్మించిన ఆమెకు ఎనిమిదవ యేటనే వివాహమైనది. యుక్తవయస్సు రాగానే, తన కిష్టము లేని ఆ బంధమును తాను నిర్వహింపజాలనని చెప్పి, భర్తను వేఱొక వివాహము చేసికొనుమని కోరి, తండ్రి, సోదరుల యండతో బయటపడినది. అంతమాత్రమున కథ ముగిసిన యెడల అది స్వేచ్ఛను కోరిన ఒక వనిత కథ యగును. కాని ఆయన మరణించిన పిమ్మట, ఆయన రెండవ భార్య అత్తవారింట కష్టములపాలు కాగా, దుర్గాబాయియే ఆమెను చేరదీసి, తాను మదరాసులో నెలకొల్పిన ఆంధ్ర మహిళాసభలో శిక్షణ నిప్పించి, తన కాళ్లపై తాను నిలుచునట్లు చేసినది. ఆ యిద్దఱి నడుమ బంధుత్వమునకు ఏ నిఘంటువులోను పేరు లేదు. నేను కుటుంబమును గూర్చి చదివిన కథలన్నిటిలోను దీనిని మించినది లేదు. 1953లో ఆమె చింతామణి దేశ్‌ముఖ్‌ను వివాహమాడినప్పుడు సాక్షులలో నొకరు జవహర్‌లాల్ నెహ్రూ. ఆ సంవత్సరముననే చైనా పర్యటనలో కుటుంబ న్యాయస్థానముల పనితీరును పరిశీలించి వచ్చి, ఇంటితగవులకు ప్రత్యేక న్యాయస్థానము లుండవలెనని ఆమె పట్టుబట్టినది. ఆ సంకల్పము చట్టరూపము దాల్చినది 1984లో. అప్పటికి ఆమె కన్నుమూసి మూడేండ్లు గడచినవి.

ఆ 1984వ సంవత్సరముననే, జులై నెలలో, ఢిల్లీ దూరదర్శన్‌లో 'హమ్ లోగ్' ఆరంభమైనది. కుటుంబ నియంత్రణ ప్రబోధమును ఉద్దేశముగా గొని రూపొందిన ఆ ధారావాహికలో, మధ్యతరగతి దిగువన జీవించు ఒక ఉమ్మడి కుటుంబము తన అప్పులతో, త్రాగుబోతు తండ్రితో, పెండ్లికాని కుమార్తెలతో యావద్దేశమునకును పొరుగిల్లైనది. అశోక్ కుమార్ ప్రతిభాగము చివరను వచ్చి ఇంటిపెద్ద వలె నాలుగుమాటలు చెప్పెడివాడు. తరువాత వచ్చిన 'బునియాద్', దేశవిభజనలో లాహోరు విడిచి ఢిల్లీ చేరిన కుటుంబమును చూపి, ఇల్లు పోయినను ఇంటివారు మిగులుదురను ధైర్యమును శరణార్థుల మనుమల కిచ్చినది. ఈ రెండింటిలోను కుటుంబమునకు శత్రువు వెలుపల నుండెను: దారిద్ర్యము, చరిత్ర. మన తెలుగు ఛానళ్లు 1995 తరువాత విస్తరించి, దినదినము ధారావాహికలు వచ్చుట మొదలైన పిమ్మట, శత్రువు ఇంటిలోనికే ప్రవేశించినది. మంజులానాయుడు రూపొందించిన 'ఋతురాగాలు', 'చక్రవాకం', 'మొగలిరేకులు' మనుష్యుల బంధములను కొంత ఓర్పుతో పరిశీలించిన మాట సత్యమే. తక్కిన పెక్కింటిలో అత్త కోడలికి ఉచ్చు పన్నుట, తోడికోడలు విషము కలుపుట, వీనికే సంవత్సరములు చాలుట లేదు. రాత్రి భోజనవేళ కుటుంబమంతయు కూర్చుండి, కుటుంబమే ఒక యుద్ధభూమి యని నేర్చుకొనుచున్నది. ఇది హానికరమని నిస్సంకోచముగా చెప్పుచున్నాను.

దీనికి భిన్నముగా నిలిచినది 2001 నుండి 2007 వఱకు జెమిని ఛానలులో ఆదివారములు వచ్చిన 'అమృతం'. అందు అమృతరావు, ఆంజనేయులు అను ఇద్దఱు మిత్రులు, వారి భార్యలు, వంటవాడు సర్వం, అద్దెకై వెంటబడు ఇంటియజమాని అప్పాజీ, వీరిలో రక్తసంబంధము అపురూపము. ఒక హోటలు నడుపుట, నష్టపోవుట, మరల ఆరంభించుట. ఒకరిమీద ఒకరు విసుగుకొన్నను ఎవరును ఎవరిని విడిచిపోరు. ఆ విడిచిపోకుండుటయే తెలుగువారు ఆ ధారావాహికను నేటికిని మఱల మఱల చూచుటకు కారణమని నే ననుకొందును. 2004లో వచ్చిన 'ఆ నలుగురు' చిత్రము ఇదే సత్యమును కన్నీటితో చెప్పినది: కన్నబిడ్డలు ధనమునకై తండ్రి శవమును లెక్కచేయనప్పుడు, బ్రదికినన్నాళ్లు ఆయన ఆదుకొన్న ఊరే తరలివచ్చినది.

ఆ నలుగురి అవసరము లక్ష్మీనగరమునకు బాగుగా తెలియును. 2010 నవంబరు 15 రాత్రి ఈ పేటలోని లలితాపార్కు వద్ద అయిదంతస్తుల మేడ కూలి సుమారు 70 మంది మరణించిరి. వారిలో అత్యధికులు వంగ, బిహారు ప్రాంతములనుండి వచ్చిన వలసకూలీల కుటుంబములవారు. ఇఱుకు సందులలోనికి వాహనములు రాలేకపోగా, ముందుగా శిథిలములను చేతులతో తొలగించినవారు చుట్టుప్రక్కల నివాసులే. 2021 వేసవిలో కోవిడు రెండవ ఉధృతి ఢిల్లీని దహించినప్పుడు, దూరమందున్న కన్నవారు రాలేక, దగ్గరనున్న బంధువులు భయపడి రాక, స్నేహితులును అపరిచితులును చితులకు నిప్పు పెట్టిన దృశ్యములను దేశమంతయు చూచినది.

ఐనను ఆసుపత్రి కాగితముమీద 'రోగికి ఏమగుదురు' అను ప్రశ్నకు గదిలోని మిత్రుడు ఏమి వ్రాయవలెనో తెలియక నిలిచిపోవుచున్నాడు. చట్టము మాత్రము మెల్లమెల్లగా ఆతని వైపునకు తిరుగుచున్నది. అవయవదానమునకు సంబంధించిన 1994 నాటి చట్టము, సమీపబంధువు కానివాడును కేవలము ప్రేమానుబంధముచేత, అధికార సంఘము అనుమతితో, తన అవయవము నీయవచ్చునన్నది. 2017 నాటి మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టము ప్రకారము వయోజనుడు తన ప్రతినిధిగా తనకు నమ్మకమైన వయోజనుని ఎవరినైనను నియమించుకొనవచ్చును. ఆతడు చుట్టమే కానక్కఱలేదు. 2022 ఆగస్టులో, చండీగఢ్‌లోని ఒక నర్సు ప్రసూతిసెలవు వివాదమును విచారించుచు, సర్వోన్నతన్యాయస్థానము తల్లి, తండ్రి, బిడ్డలు అను ఒకే మూసలో కుటుంబమును చూచుట తగదనియు, పునర్వివాహము, దత్తత, అవివాహిత సహజీవనము, స్వలింగ సంబంధము మొదలగు రూపములలోను కుటుంబ ముండవచ్చుననియు, అట్టివానికి గూడ చట్టరక్షణ అవసరమనియు పలికినది. తర్పణ విధిలో సఖునకు చోటిచ్చిన జాతికి ఈ తీర్పు కొత్తగా తోపరాదు.

ఒక్క ఆక్షేపణ మాత్రము గట్టిది. గది కుటుంబము పరీక్షా ఫలితములు వెలువడినంతనే చెదరిపోవును గదా, రక్తబంధ మట్లు చెదరదు గదా యని పెద్ద లడుగుదురు. చెదరునవి చెదరును, రక్తబంధువులును కోర్టు మెట్లమీద చెదరుట మన మెఱుగుదుము. నిలుచునవి ఋణమును మఱువనివారి బంధములు. ఋణానుబంధమని మన పెద్దలు చెప్పిన మాటకు నే నెఱిగిన తాత్పర్యము ఇంతే: అవసరము తీరిన పిమ్మటను పోయి పలుకరించువాడు మనవాడు. లక్ష్మీనగరపు గదిని విడిచి ఉద్యోగములలో స్థిరపడినవారు, నాటి మిత్రుని తండ్రి చనిపోయినాడని తెలిసి వెంటనే తెలంగాణ ఎక్స్‌ప్రెస్ ఎక్కుదురేని, వారు అన్నదమ్ములు కారనుటకు నాకు నోరు రాదు.

రానున్న జనగణనకు 2027 మార్చి 1 ప్రామాణిక దినముగా నిర్ణయింపబడినది. గణకుడు మీ గది తలుపు తట్టినప్పుడు, ఒకే పొయ్యిమీద వండుకొని తినుచున్న మిత్రులారా, మీ అందఱి పేర్లును ఒకే గృహము క్రింద వ్రాయింపుడు. అట్లు వ్రాయించుకొను హక్కు నిర్వచనమే మీకిచ్చియున్నది.